సర్వరు మరణవాంగ్మూలం

వెర్నా కోస్కెలా పొద్దుటినుంచీ ఒక సర్వరు ఎప్పుడు చస్తుందా అని కాచుక్కూచుంది. ముప్పై ఏళ్ళుగా మిషన్లు చావకుండా చూసుకుంటూ బతికిన మనిషి ఆమె. అదేం ఖర్మో గానీ, ఇవాళ అది చావకపోతే ఒక మనిషి ఉద్యోగం పోతుంది.

ఆ మనిషి పక్క కుర్చీలోనే ఉన్నాడు. డ్వేన్ జుపాన్. కౌంటీ కంప్యూటర్ల విభాగం అంటే ఉన్నదే వీళ్ళిద్దరు. మాంసం, బంగాళాదుంపలు కూరిన పేస్టీ ఒక ముక్క కొరికి, నమలడం మర్చిపోయి తెరకేసి చూస్తున్నాడు.

"చల్లారిపోతోంది, తిను," అంది వెర్నా.

"గొంతు దిగట్లేదు. నాలుగింటికి ఉరిశిక్ష పెట్టుకుని ఎవడైనా కడుపునిండా తింటాడా?"

"ఉరి తీసేముందే బాగా పెడతారంట."

"నీ నోట్లో మన్ను పడ," అన్నాడు డ్వేన్. నవ్వాడు కూడా. నవ్వాక మళ్ళీ తెరకేసి చూశాడు.

షెరీఫ్ ఆఫీసు కింద నేలమాళిగలో ఉంటుంది ఆ సర్వర్ల గది. గాజు గోడకి అవతల డిస్పాచ్ గది. ఉత్తర మిన్నెసోటాలో ఆ కౌంటీ మొత్తానికీ, ఎవరు 911 నొక్కినా ఫోన్ ఎత్తేది అక్కడే. ఫోన్ చేసినవాడు ఎక్కడున్నాడు, దగ్గర్లో ఏ అంబులెన్సు ఉంది, ఏ దారి మంచుతో మూసుకుపోయింది, ఇవన్నీ డిస్పాచర్‌కి చూపించేది ఈ సర్వరే. ఫోన్లకి లైను వేరు, అవి మోగుతాయి. సర్వరు పడిపోతే మాత్రం డిస్పాచర్ చెవులుండీ కళ్ళులేని మనిషి అయిపోతుంది.

అది పడిపోవడం మొదలుపెట్టి నెల దాటింది. వారానికి రెండుసార్లు, ఒక్కోసారి మూడు. లినక్స్ కెర్నెల్ అంటే సర్వరుకి గుండెకాయ అనుకోండి. అది ఉన్నట్టుండి "పానిక్" అని తెరమీద పాతిక వరుసలు కక్కి కొయ్యబారిపోయేది. అలా కొయ్యబారితే అరనిమిషంలో పట్టుకుని తన్ని లేపడానికి ఒక కాపలా టైమరు ఉంది. వాచ్‌డాగ్ అంటారు. దాన్ని పెట్టింది వెర్నాయే. దాని గురించి ఎవరు మాట్లాడినా ఆమెకి మొహం వెలిగిపోయేది. "మా సర్వరు చచ్చినా మూడు నిమిషాల్లో లేచి పనిలోకొస్తుంది" అని మీటింగుల్లో చెప్పుకునేది. నిజమే, లేచేది. చచ్చిన ప్రతిసారీ, ఎందుకు చచ్చిందో చూసేలోపే, శవాన్ని లేపి పనిలోకి తోలేసేది ఆ కుక్క.

ఇక కక్కిన పాతిక వరుసల్లో ప్రతిసారీ కనపడే పేరు ఒక్కటే: నెట్‌వర్క్ కార్డుని నడిపే ప్రోగ్రాము, అంటే దాని డ్రైవరు. ఆ కార్డు కొత్తది. పాతది కాలిపోతే ఫిబ్రవరిలో డ్వేన్ మార్చాడు. మార్చిన వారానికి మొదటి చావు. ఇంకేముంది! మిషన్ల దగ్గర పనిచేసేవాళ్ళలో ఒక తీర్పు ఉంది, కోర్టు తీర్పుకంటే గట్టిది: చివర చెయ్యి పెట్టినవాడిదే పాపం. కౌంటీ బోర్డు చైర్మన్ హార్లన్ లిండ్‌గ్రెన్‌కి కెర్నెల్ అంటే మామూలు ఇంగ్లీషులో మొక్కజొన్న గింజ అని తప్ప ఏమీ తెలియదు గానీ, ఈ తీర్పు మాత్రం ఎవరో చెప్పారు, ఆయనకి బాగా నచ్చింది. ఇవాళ నాలుగింటికి బోర్డు మీటింగు. సర్వరు ఎందుకు పడుతోందో ఆధారంతో చూపిస్తే సరే, లేకపోతే డ్వేన్ తాళాలు అప్పగించి వెళ్ళాలి. డ్వేన్ భార్య మార్లిస్ వారానికి మూడుసార్లు డయాలిసిస్‌కి వెళ్తుంది. అది నడిచేది కౌంటీ ఇన్సూరెన్సు మీద. అతను పేస్టీ ఎందుకు మింగలేకపోతున్నాడో వేరే చెప్పాలా?

వెర్నాకి మాత్రం మొదటినుంచీ ఒకటే మాట. "తెరమీద కనపడేది చచ్చినవాడి పేరురా నాయనా, చంపినవాడి పేరు కాదు."

మెమరీ అంటే సత్రం లాంటిది. ఒకడు గది ఖాళీ చేసి వెళ్తాడు, అదే గది ఇంకొకడికి ఇస్తారు. వెళ్ళినవాడు దొంగతాళం దగ్గర పెట్టుకుని మళ్ళీ ఆ గదిలో దూరి చేతికందింది అందినట్టు చిందరవందర చేస్తే, చచ్చేది కొత్తగా దిగినవాడు. నెట్‌వర్క్ డ్రైవరు కొత్తగా దిగినవాడని వెర్నా నమ్మకం. దొంగతాళం ఎవరి దగ్గరుందో కూడా ఆమెకో అనుమానం ఉంది: వచ్చే ఫోన్లన్నిటినీ రికార్డు చేసే పెట్టె. దాన్ని అమ్మిన కంపెనీ ఇచ్చిన చిన్న ప్రోగ్రాము, మాడ్యూల్ అంటారు, ఒకటి కెర్నెల్లో కూచుంటుంది. లోపల ఏముందో వాళ్ళు ఎవరికీ చూపించరు.

ఆ కంపెనీకి రాస్తే, "మా మాడ్యూల్ దేశంలో ఇన్నిచోట్ల నడుస్తోంది, మీ కొత్త కార్డు చూసుకోండి" అని జవాబు. కెర్నెల్ రాసే పెద్దలకి రాస్తే వాళ్ళది ఇంకో మడి. పరాయి మాడ్యూల్ తగిలిన కెర్నెల్‌ని వాళ్ళు ముట్టరు. కెర్నెలే స్వయంగా తన నుదుటిమీద "మైలపడ్డాను" అని ఒక గుర్తు వేసుకుంటుంది. ఆ గుర్తు చూశారంటే చాలు: ముందు ఆ మాడ్యూల్ తీసేయండి, శుభ్రంగా ఉన్నప్పుడు కూడా చస్తే అప్పుడు రండి. తీసేద్దామంటే చట్టం ఒప్పుకోదు. ప్రతి ఫోనూ రికార్డు కావాల్సిందే.

"ముందు నుయ్యి, వెనక గొయ్యి," అన్నాడు డ్వేన్ ఆ జవాబు చదివి.

"మధ్యలో నువ్వు," అంది వెర్నా.

మిగిలింది ఒకటే దారి. సర్వరు చచ్చిన క్షణంలో మెమరీలో ఏ గదిలో ఎవరున్నారో మొత్తం నకలు తీయడం. డంపు అంటారు. దానికోసం ఒక చిన్న కెర్నెల్‌ని పక్కన దాచి ఉంచుతారు. పెద్దది చావగానే అది లేచి, శవపంచనామా చేసే కానిస్టేబులులా, మెమరీ అంతా డిస్కుకెక్కిస్తుంది. పాత డిస్కు, బోలెడు మెమరీ. దగ్గర దగ్గర పావుగంట. అంతసేపూ కాపలా కుక్కని కట్టేసి ఉంచాలి, లేదంటే పంచనామా మధ్యలోనే తన్ని లేపేస్తుంది. ఆ పావుగంటా డిస్పాచ్‌కి కళ్ళుండవు.

ఇది చెప్పినప్పుడు సీనియర్ డిస్పాచర్ లొరెట్టా చేతిలో కాఫీ కప్పు కిందపెట్టింది. "పావుగంట నన్ను గుడ్డిదాన్ని చేస్తానంటున్నావా తల్లీ?"

"ఒక్కసారి. ఒక్కసారి చాలు."

"నీ మిషన్లు వచ్చే ముందు గోడమీద పటంతో పన్నెండేళ్ళు నడిపాను. నడుపుతాను. కానీ ఒక్కటి చెప్తున్నా. నాకు కళ్ళు కావాలి అంటే ఇచ్చెయ్యాలి. ఆ తర్వాత నీ డంపూ లేదు, గింపూ లేదు."

"ఇస్తాను," అంది వెర్నా. అలా అన్నప్పుడు నిజంగానే ఇస్తాననుకుంది.

షెరీఫ్ ఇవాళ్టికి మాత్రం ఒప్పుకున్నాడు. వెర్నా పొద్దున్నే వచ్చి కుక్కని కట్టేసింది. ఇంకో పని కూడా చేసింది. ఖాళీ అయిన ప్రతి గదికీ కెర్నెల్ ఒక రంగు పూసేలా పెట్టింది. ఎవడైనా మళ్ళీ దూరితే రంగు చెదిరి తెలిసిపోతుంది. దీనివల్ల సర్వరు కాస్త నెమ్మదిస్తుంది. అవతల లొరెట్టా విసుక్కుంటూనే ఉంది.

ఇంత చేసి కూచుంటే, నెలరోజులుగా ఎప్పుడు పడితే అప్పుడు చచ్చిన మహాతల్లి ఇవాళ రాయిలా ఉంది. పదకొండైంది, పన్నెండైంది, ఒంటిగంటైంది.

"చావవే," అన్నాడు డ్వేన్ తెరతో. "నీకు దండం పెడతా, చావు."

రెండు దాటాక అవతల లొరెట్టా హెడ్‌సెట్ సర్దుకుని "హలో? హలో?" అని, "జేబులో నొక్కుకుపోయిన ఫోను, పెట్టేశారు" అని గొణిగింది. ఆ మాట పూర్తయ్యేలోపే సర్వరు తెర నల్లబడి, తెల్లటి వరుసలు గబగబా పైకి పాకి, ఆగిపోయాయి. చివర్లో షరా మామూలే: నెట్‌వర్క్ డ్రైవరు పేరు.

"వచ్చింది!" వెర్నా కుర్చీలోంచి లేచిపోయింది. "లొరెట్టా, పోయింది! పటం దింపుకో!"

"చూశాను, చూశాను. అరవకు."

తెర మళ్ళీ వెలిగింది. చిన్న కెర్నెల్ లేచింది. దాని నాలుగు వరుసల గొణుగుడు అయ్యాక, అడుగున ఒక అంకె: ఒక శాతం. రెండు శాతం. వెర్నా ఒళ్ళు ఝల్లుమంది. నెల రోజులుగా మొహం చాటేసిన దొంగ ఈ నకల్లో ఏదో ఒక గదిలో దొరుకుతాడు. ఆమెకి కళ్ళు తెరమీంచి రాలేదు.

మొదట వచ్చిన ఫోను చిన్నదే, ఎవరో ముసలావిడ వాకిట్లో జారిపడింది. ఇంటి నంబరు చెప్పింది. లొరెట్టా పటం చూసి, రేడియోలో అంబులెన్సుకి దారి చెప్పేసింది. డ్వేన్ బొటనవేలు పైకెత్తి చూపించాడు. లొరెట్టా అతనికి నాలిక బయటపెట్టి చూపించింది.

ముప్పై నాలుగు. నలభై. యాభై రెండు.

"ఇంకెంతసేపు?" అన్నాడు డ్వేన్.

"ఏడెనిమిది నిమిషాలు. మధ్యలో ఆగితే అంతా గోవిందా. సగం డంపు ఎందుకూ పనికిరాదు. గనుల కంపెనీలో పనిచేసేటప్పుడు పాత యూనిక్స్ పెట్టెల మీద ఎన్ని చూశాను! పూర్తిగా ఉంటే డంపు, లేకపోతే చెత్త."

డ్వేన్ తలూపాడు. ఆమె చెప్పాక దానికి తిరుగేముంది? అతనికి ఈ పని నేర్పిందే ఆమె.

అరవై ఎనిమిది దగ్గర ఫోను మోగింది. గాజు తలుపు తెరిచే ఉంది, లొరెట్టా గొంతు ఇవతలికి వినపడుతూనే ఉంది. ఆ గొంతు మారడం వెర్నాకి వినపడింది.

"ఎక్కడ బాబూ? ఏ సరస్సు? ట్యామరాకా? ట్యామరాక్‌లో ఎక్కడ?" ఆమె పటం మీదికి వంగింది. "నువ్వు మంచు మీద ఉన్నావా? దగ్గరికి పోకు. పడుకుని ఉండు. నీకు చుట్టుపక్కల ఏం కనపడుతోంది?"

ఆమె ఒక మీట నొక్కింది. ఫోనులో మనిషి గొంతు గదంతా వినపడింది. వయసులో ఉన్నవాడే, ఏడుస్తున్నాడు. ఆయోవా నుంచి, గడ్డకట్టిన సరస్సు మీద చేపల వేటకి వచ్చారట. అన్న నడుపుతున్న బండి మంచు విరిగి లోపలికి పోయింది. అన్న పైకి తేలాడు, అంచు పట్టుకుని వేలాడుతున్నాడు. పట్టుకున్న అంచు విరుగుతోంది.

"ఏ రేవులోంచి దిగారు బాబూ?"

"నాకు తెలీదండీ! దారి అన్నకే తెలుసు. అంతా తెల్లగా ఉంది, ఏమీ కనపట్లేదు. గాలి... జాన్! జాన్, వదలకు!"

ట్యామరాక్ సరస్సంటే చిన్నదా చితకదా! ఇరవై మైళ్ళ పొడుగు, ఎన్నో పాయలు. అటు పక్క రేవులోంచి దిగిన రక్షణ దళం ఇటు పక్క పాయలోకి రావాలంటే తెల్లారిపోతుంది. పక్క కౌంటీ వాళ్ళకి ఈ ఫోను మళ్ళించొచ్చు. కానీ వాళ్ళ తెరల్లో మన సరస్సు లేదు, మళ్ళించేటప్పుడు లైను తెగితే మళ్ళీ కలుస్తుందో లేదో. ఆ ఫోను ఎక్కడుందో చెప్పగలిగేది ఒక్కటే. అది ఇక్కడ చచ్చి పడి ఉంది, పంచనామా జరుగుతోంది.

లొరెట్టా గాజులోంచి ఇటు తిరిగింది. చేత్తో మైకు మూసింది.

"కళ్ళు కావాలి నాకు."

వెర్నా తెర చూసింది. ఎనభై నాలుగు.

"లొరెట్టా, ఇంకొక్క మూడు నిమిషాలు..."

"ఇప్పుడు."

ఎనభై అయిదు. రీసెట్ మీట సర్వరు ముందు భాగంలో, వెర్నాకి మోచెయ్యంత దూరంలో ఉంది. ఆమె చెయ్యి కదల్లేదు. ఎందుకు కదల్లేదు అంటే ఏం చెప్పాలి? నొక్కాలనే అనుకుంది. ఎనభై ఆరు అయింది. ఇంకో పద్నాలుగే కదా అని ఎవరో లోపలినుంచి అంటున్నారు, ఆ గొంతు ఆమెదే.

డ్వేన్ ఆమె పక్కనుంచి వంగి చెయ్యి చాపాడు.

వెర్నా అతని మణికట్టు పట్టుకుంది.

గట్టిగానే పట్టుకుంది. డ్వేన్ ఆమె మొహంలోకి చూశాడు. అవతల ఆ కుర్రాడు "జాన్, జాన్" అంటున్నాడు. ఎనభై ఏడు.

"వదులు, వెర్నా."

"డ్వేన్, దీంట్లో ఉందిరా. మొత్తం దీంట్లోనే ఉంది. నువ్వు నొక్కితే..."

"తెలుసు. వదులు."

ఆమె వదల్లేదు. డ్వేన్ రెండో చేత్తో ఆమె వేళ్ళు ఒక్కొక్కటే విడదీశాడు. కోపంగా కాదు, పసిపిల్ల గుప్పిట్లోంచి కత్తెర తీసుకున్నట్టు తీశాడు. తీసి, మీట నొక్కాడు.

తెర నల్లబడింది. అంకె పోయింది. నాలుగింటి మీటింగుకి అతని చేతిలో ఉండాల్సిన ఒకే ఒక్క ఆధారం అతని చేత్తోనే పోయింది.

సర్వరు లేవడానికి పట్టిన ఆ రెండు మూడు నిమిషాలు ఎలా గడిచాయో ముగ్గురిలో ఎవరినడిగినా చెప్పలేరు. లొరెట్టా మాత్రం ఆ కుర్రాడితో మాట్లాడుతూనే ఉంది. కోటు విప్పమంది, దాని చేతులు ముడేసి అన్నకి విసరమంది, తను మాత్రం బోర్లా పడుకునే ఉండమంది. "నీ పేరేంటి నాయనా? డెరిక్. డెరిక్, నా మాట విను, అన్నని కాళ్ళు తపతప కొట్టమను, ఈతలో కొట్టినట్టు." వెర్నా గోడకి ఆనుకుని నిలబడింది.

పటం వచ్చింది. పటం మీద ఒక చుక్క వచ్చింది. ఉత్తరాన, మంచు పలచబడిందని అందరూ కిందటి వారమే మంచు మీది చేపల గుడిసెలు పీక్కుపోయిన చిన్న పాయలో.

"ఉత్తర పాయ! పాత రంపపు మిల్లు రేవు!" లొరెట్టా రేడియోలో అరిచింది. రక్షణ దళం అప్పటికే బయల్దేరి దక్షిణం రేవుకేసి పోతోంది. చౌరస్తా ఇంకా దాటలేదు. బండి తిప్పారు.

చాలాసేపటికి రేడియోలో మాట వచ్చింది. తీశారు. ఊపిరి ఉంది. ఒళ్ళు కొయ్యలా ఉంది గానీ కళ్ళు తెరిచాడు. హెలికాప్టరులో డులూత్ ఆస్పత్రికి తీసుకెళ్తున్నారు. లొరెట్టా హెడ్‌సెట్ తీసి బల్లమీద పెట్టి, రెండు చేతుల్లో మొహం దాచుకుంది. తర్వాత లేచి, సర్వర్ల గది గుమ్మంలోకి వచ్చి నిలబడింది. డ్వేన్ భుజం మీద చెయ్యి వేసింది. వెర్నాకేసి చూసింది. వెనక్కి వెళ్ళింది.

ఆ చూపుకంటే రెండు చెంపదెబ్బలు కొట్టినా బాగుండేదనిపించింది వెర్నాకి.

"మొహం కడుక్కొస్తా," అన్నాడు డ్వేన్. "ఉరికెళ్ళేముందు."

అతను వెళ్ళాక వెర్నా సర్వరు ముందు కూచుంది. చెయ్యాల్సిన పనేమీ లేదు. కుక్క కట్టు విప్పాలి, అంతే. విప్పింది. విప్పాక, మధ్యలో చెడిన డంపు డిస్కులో చోటు ఆక్రమించి ఉంటుంది కదా, తీసేద్దామని ఆ ఫోల్డరు తెరిచింది.

రెండు ఫైళ్ళున్నాయి. ఒకటి పెద్దది, సగం తిన్నది, పేరు చివర్న "అసంపూర్తి" అని తోక. అది తను అనుకున్నదే. ఇంకొకటి చిన్నది. మామూలు అక్షరాల ఫైలు. ఇదేమిటి?

తెరిచింది. కెర్నెల్ చచ్చేముందు తనలో తాను గొణుక్కున్న మాటలన్నీ ఉన్నాయి అందులో. తెరమీద చివరి పాతిక వరుసలే నిలుస్తాయి, వాటికి ముందున్నవి పైకి పాకి పోతాయి. ఇందులో పైనవీ ఉన్నాయి. చివర్లో నెట్‌వర్క్ డ్రైవరు చావు. దానికి కాస్త పైన, కుండ బద్దలుకొట్టినట్టు, ఇంకో మాట: ఖాళీ చేసిన చోట రంగు చెదిరింది. ఆ చోటు ఆఖరున ఖాళీ చేసినవాడు ఫలానా. రికార్డింగు మాడ్యూల్ పేరు, దాని లోపల ఆ పని చేసిన ఫంక్షన్ పేరు, అంతా ఉంది. ఎత్తగానే పెట్టేసిన ఫోను కోసం తీసుకున్న గది. ఫోను పెట్టేశారని ఖాళీ చేసింది, చేసి కూడా రాస్తూనే ఉంది.

దొరికాడు! వెర్నా బల్లమీద అరచేత్తో కొట్టింది. డ్వేన్‌ని పిలవబోయి, ఫైలు పక్కనున్న వేళ చూసింది.

ఆ చిన్న ఫైలు రాసింది పంచనామా మొదలైన క్షణాల్లోనే. తెరమీద ఒక శాతం అనే అంకె పడకముందే. చిన్న కెర్నెల్ లేవగానే మొట్టమొదట చేసే పని అదేనట: ముందు మరణవాంగ్మూలం తీసుకోవడం, తర్వాతే శవం జోలికి పోవడం. ఆ గొణుగుడు వరుసల్లో చెప్పింది కూడా. వెర్నా చదవలేదు. పాత పెట్టెల్లో అలా ఉండేది కాదు. పూర్తిగా ఉంటే డంపు, లేకపోతే చెత్త. ఆమెకి తెలుసు కాబట్టి చదవలేదు.

ఒక శాతం దగ్గర నొక్కినా సరిపోయేది. ముసలావిడ జారిపడ్డప్పుడు నొక్కినా సరిపోయేది. లొరెట్టా "కళ్ళు కావాలి" అన్న క్షణంలో నొక్కినా, డ్వేన్ ఉద్యోగానికి వెంట్రుకంత ప్రమాదం లేదు. ఎనభై నాలుగునుంచి ఎనభై ఏడు దాకా ఆ మనిషి నీళ్ళలో వేలాడింది దేనికోసం? దేనికోసమూ కాదు.

మీటింగు ఎంతోసేపు జరగలేదు. వెర్నా ఆ వరుసలు పెద్ద తెరమీద పెట్టి, సత్రం గదుల కథ చెప్పింది. అంతకుముందు చావుల్లో కూడా, ముందు ఒక పెట్టేసిన ఫోను ఉందని లొరెట్టా గుర్తు చేసుకుని చెప్పిన రోజులు చదివింది. హార్లన్ లిండ్‌గ్రెన్ కళ్ళజోడు పైకి నెట్టుకుని, "అంటే అమ్మినవాడిదన్నమాట తప్పు" అన్నాడు. ఆయనకి తిట్టడానికి ఎవరో ఒకరు దొరికారు, అది చాలు. ఆ కంపెనీకి గట్టిగా ఉత్తరం రాయాలని తీర్మానం చేశారు. పెట్టేసిన ఫోన్లు ఆ మాడ్యూల్‌కి చేరకముందే ఆపే ఏర్పాటు రేపు చేస్తానంది వెర్నా. డ్వేన్ విషయం ఎవరూ ఎత్తనే లేదు. ఎత్తకపోవడమే క్షమాపణ అనుకోవాలి, పెద్దమనుషులు అంతకంటే దిగిరారు. పోతూ పోతూ హార్లన్ వెర్నా చెయ్యి ఊపి, "మీరు లేకపోతే ఈ కౌంటీ ఏమైపోయేదండీ" అన్నాడు. వెర్నా చెయ్యి వెనక్కి లాక్కుంది.

కింద కోట్లు తగిలించే చోట డ్వేన్ ఆమెని పట్టుకుని గట్టిగా కావలించుకున్నాడు. ఇన్నేళ్ళలో ఎన్నడూ అలా చెయ్యలేదు. అక్కడివాళ్ళు అలాంటివి చెయ్యరు.

"మార్లిస్‌కి ఫోన్ చేశాను. ఏడుపు ఆపట్లేదు, పిచ్చిది," అన్నాడు. "వెర్నా, నీకొక మాట చెప్పాలి. ఇందాక నువ్వు నా చెయ్యి పట్టుకున్నావే, లొరెట్టా ఇంకోలా అనుకుంటోంది. నేను చెప్పాను దానికి. నా ఉద్యోగం కోసం, మార్లిస్ కోసం అలా చేసింది, వెర్నా మనసు నాకు తెలీదా అని. మా అమ్మ కూడా నాకోసం అంత తెగించేది కాదు."

లొరెట్టా డ్యూటీ దిగి, బూట్లు తొడుక్కుంటూ అక్కడే బెంచీ మీద ఉంది. తలెత్తి చూసింది. ఆమె మొహం కాస్త మెత్తబడి ఉంది. వెర్నా అవునని ఒక్క తల ఊపితే అయిపోతుంది. అసలు ఊపక్కర్లేదు కూడా, ఊరుకుంటే చాలు.

"ఆ చిన్న ఫైలు మొదటే రాసేసింది, డ్వేన్," అంది వెర్నా. "ఒక శాతం కూడా కాకముందే. నేను చూసుకోలేదు."

"అయితే ఏం? మనకి తెలీదు కదా అప్పుడు. నువ్వు నాకోసమే..."

"నీకోసం కాదు."

డ్వేన్ ఒక అడుగు వెనక్కి వేశాడు.

"నీ చెయ్యి పట్టుకున్నప్పుడు నువ్వు నాకు గుర్తు లేవు," అంది వెర్నా. ఏడవకుండా చెప్పాలనుకుంది, కుదరలేదు. "మార్లిస్ గుర్తు లేదు. ఆ కుర్రాడి ఏడుపు వినపడుతోంది, అదీ నాకు పట్టలేదు. ఎనభై ఏడు కనపడింది. ఎవడు చంపుతున్నాడో తెలుసుకోవాలి, అంతే. అదొక్కటే ఉంది నాలో. నువ్వు కాక ఇంకెవరి చెయ్యి అయినా అలాగే పట్టుకునేదాన్ని."

డ్వేన్ కోటు గుండీలు పెట్టుకోవడం మొదలుపెట్టాడు, ఒక గుండీ తప్పు కన్నంలో పెట్టి, మళ్ళీ తీసి పెట్టాడు. మార్లిస్ చూస్తూ ఉంటుందని చెప్పి, మెట్లెక్కి వెళ్ళిపోయాడు.

లొరెట్టా రెండో బూటు తాడు కట్టుకుంది. లేచి, తలుపు దగ్గరిదాకా వెళ్ళి ఆగింది.

"ఆ రీసెట్ మీట తీసుకొచ్చి నా బల్లమీద పెట్టు," అంది. "రేపు పొద్దున్నే."

"పెడతాను," అంది వెర్నా.